నంబరు పడిన రోజు దగ్గర ఆగే కథలు: గత దశాబ్దాల హైస్కూలు సినిమాలపై ఒక పరిశీలన

సంక్షిప్తంగా: హైస్కూలు జీవితాన్ని గడిచిపోయిన ఒక దశాబ్దంలో నిలిపి చెప్పే సినిమాలు, సిరీస్‌లు తెలుగు ప్రేక్షకులకు ఇప్పుడు బాగా దగ్గరయ్యాయి. ఈ తరహాకు పేరు తెచ్చిన అమెరికా చిత్రాల్లో బడి దాదాపు 18వ ఏట ముగుస్తుంది. తెలుగునాట హైస్కూలు 15వ ఏటే ముగుస్తుంది. ఆ మూడేళ్ల తేడా కథ నడకను, ప్రేమను, ముగింపును మారుస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల 1980, 90 దశకాల జిల్లా పరిషత్ హైస్కూలును ఎదురుగా పెట్టుకుని చూస్తే, తెర మీదికి వస్తున్న వస్తువులేవో, తెర దాకా రాని జీవితమేదో తెలుస్తుంది.

గతం అనిపించడానికి ఎన్నేళ్లు కావాలి

అమెరికన్ గ్రఫిటీ 1962 నాటి ఒక రాత్రి కథ. అది విడుదలైంది 1973లో, అంటే మధ్య దూరం 11 ఏళ్లే. బడి చివరి రోజైన 1976 మే 28ని చూపిన డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్ 1993లో వచ్చింది. 1996 బ్యాచ్ విద్యార్థులు మళ్లీ కలుసుకునే తమిళ చిత్రం 96 వచ్చింది 2018లో. అదే కథ 2020లో తెలుగులో జానుగా మారింది. 1990 దశకపు మచిలీపట్నాన్ని చూపిన కలర్ ఫొటో 2020లో, ఒక ఉపాధ్యాయుడి కుటుంబం చుట్టూ అల్లిన నైంటీస్ సిరీస్ 2024 జనవరిలో వచ్చాయి. దూరం పదకొండేళ్ల నుంచి పాతికేళ్లు దాటేదాకా ఉంది.

ఈ దూరానికి మొదటి కారణం దర్శకుల వయసు. ముప్పై, నలభై ఏళ్ల మధ్య తొలి చిత్రాలు తీసేవారికి సొంత అనుభవంగా చేతిలో ఉండే పెద్ద సరుకు బడే. ప్రేక్షకుల్లో డబ్బు చెల్లించి చూసే స్తోమత వచ్చిన వర్గం కూడా దాదాపు అదే వయసులో ఉంటుంది కాబట్టి, తీసేవారి జ్ఞాపకం, చూసేవారి జ్ఞాపకం ఒకే కాలానికి చెందుతాయి. అయితే వయసు ఒక్కటే అన్నింటికీ జవాబు కాదు. 1962కూ 1973కూ మధ్య అమెరికా ఒక అధ్యక్షుడి హత్యను, వియత్నాం యుద్ధాన్ని చూసింది. అందుకే పదకొండేళ్ల కిందటి ఊరు కూడా అక్కడి వారికి మరో యుగంలా కనిపించింది. గతం గతంగా కనిపించాలంటే నడుమ బతుకు మారాలి.

తెలుగు పల్లెలో గతాన్నీ వర్తమానాన్నీ విడదీసే ఆ గీత 1990 దశకం మీదుగా పోతుంది. 1991 ఆర్థిక సంస్కరణలు, 1995లో మొదలైన తెలుగు ఉపగ్రహ చానళ్లు, ఎస్టీడీ బూతులు, ఆ తర్వాత సెల్‌ఫోన్, ఇంగ్లిషు మీడియం బడి బస్సులు, ఇవన్నీ పదిహేనేళ్ల లోపే వచ్చిపడ్డాయి. శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో వచ్చే సినిమా పాటల కార్యక్రమం చిత్రలహరి కోసం టీవీ ఉన్న ఒకే ఇంటి వరండాలో వీధంతా కూర్చున్న అనుభవం, దాని తర్వాత పదేళ్లకు పుట్టిన పిల్లలకు వివరించి చెప్పాల్సిన సంగతి అయిపోయింది. వివరించి చెప్పాల్సి వచ్చిందంటేనే కథకు అవసరం పుట్టిందని అర్థం.

మరో కారణం ప్రదర్శన మార్గం. పదిహేనేళ్ల పిల్లలు ప్రధాన పాత్రలైన కథకు పేరున్న కథానాయకుడు ఉండడు, అలాంటి చిత్రానికి థియేటర్లు దొరకడం కష్టం. 2020 తర్వాత తెలుగు ఓటీటీ వేదికలు ఆ ఇబ్బందిని కొంత తొలగించాయి. ఇంట్లో కూర్చుని కుటుంబమంతా కలిసి చూసే కథ వాటికి కావలసి ఉంది. బడి కథ ఆ అవసరానికి సరిగ్గా సరిపోయింది.

కారు లేని చోట, పదిహేనేళ్ల వయసులో

అమెరికా హైస్కూలు చిత్రాన్ని నడిపించేది కారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో 16 ఏళ్లకే లైసెన్సు వస్తుంది. కారు వచ్చిన మరుక్షణం పిల్లలకు పెద్దల కంటికి దూరంగా ఒక రాత్రి, ఒక గది, ఒక ప్రయాణం దొరుకుతాయి. అమెరికన్ గ్రఫిటీ కథ అంతా ఒకే రాత్రిలో ఊరి వీధుల్లో కార్ల మధ్య జరగడం ఆ సదుపాయం వల్లే సాధ్యమైంది. స్వేచ్ఛ దొరికాక ఈ పిల్లలు ఏమి చేస్తారు అన్నదే ఆ కథల ప్రశ్న.

జిల్లా పరిషత్ హైస్కూలు విద్యార్థికి ఆ రాత్రి లేదు. ప్రతి ఊరికీ హైస్కూలు లేని రోజుల్లో కలిగిరి, పామూరు, పొదిలి, ఉదయగిరి వంటి చోట్లకు చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు కాలినడకన, సైకిలు మీద, టైము తప్పే ఆర్టీసీ బస్సులో వచ్చేవారు. పెద్దల కన్ను పడని సమయం ఏదైనా ఉందంటే అది ఆ దారిలోనే. కాబట్టి తెలుగు బడి కథలో కారు చేసే పనిని దారి చేయాలి. రాత్రి చేసే పనిని ఇంటర్వెల్, తుమ్మ చెట్టు నీడ, చెరువు కట్ట చేయాలి. మంచి దర్శకులు దీన్ని గ్రహించిన చోట కథ సహజంగా ఉంటుంది. గ్రహించని చోట పదో తరగతి పిల్లలు పాతికేళ్ల వారిలా ప్రవర్తిస్తారు.

తెలుగు చిత్రాలు బడిని దాటి ఇంటర్మీడియట్‌కో ఇంజినీరింగుకో ఎందుకు జరిగిపోతుంటాయన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. 2007 నాటి హ్యాపీ డేస్‌లో గానీ, కలర్ ఫొటోలో గానీ కథాస్థలం ఇంజినీరింగ్ కాలేజీ. అమెరికాలో 17, 18 ఏళ్లకు బడిలోనే జరిగే అనుభవాలు ఇక్కడ కాలేజీలో జరుగుతాయి. అక్కడి హైస్కూలు చిత్రానికి ఇక్కడి సమానం కాలేజీ చిత్రమే. ఇక్కడి హైస్కూలు కథ దానికంటే చిన్న వయసు కథ, అందుకే దాని ఇబ్బందులు వేరు.

వాటిలో ముఖ్యమైనది ప్రేమ. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. ఆ చట్టం టీనేజీ ప్రేమల మీద పడే తీరును 2025 నాటి కోర్ట్ చిత్రం నేరుగా చర్చకు పెట్టింది. పదిహేనేళ్ల ఇద్దరి మధ్య ఆకర్షణను నేరుగా ప్రేమకథగా చెప్పడం ఇప్పుడు నైతికంగా, చట్టపరంగా జాగ్రత్త అవసరమైన పని. దీనికి కథకులు కనుగొన్న మార్గం ఒక చట్రం: నడి వయసుకు వచ్చినవారు మళ్లీ కలుసుకుని వెనక్కి చూడటం. ఈ చట్రం కల్పన మాత్రమే కాదు. సంక్రాంతికీ, వేసవి సెలవులకూ జిల్లా పేజీల్లో వచ్చే పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాల వార్తలు చూస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఒక్కొక్కరి నంబరూ వెతికి చేర్చడం, పాత మాస్టర్లకు శాలువాలు కప్పడం, అదే బల్లల మీద అదే వరుసలో కూర్చుని ఫొటో తీయించుకోవడం అందులో భాగాలు. సినిమా ఈ ఆచారానికి రూపమిచ్చింది, తిరిగి దానికి ఊపు కూడా ఇచ్చింది.

మార్చి పోతే సెప్టెంబరు

అమెరికా కథ బడి చివరి రోజున గానీ, కాలేజీకి బయల్దేరే ముందు రాత్రిన గానీ ముగుస్తుంది. ఆ రెండూ పిల్లల రోజులు. తెలుగు బడి కథ ముగిసేది పదో తరగతి ఫలితాల నాడు, అది ఊరి రోజు. 1990లలో ఫలితాలు దినపత్రికలో హాల్‌టికెట్ నంబర్ల వరుసలుగా వచ్చేవి. ప్రథమ, ద్వితీయ, తృతీయ శ్రేణులని విడివిడిగా అచ్చయిన ఆ సన్నటి అంకెల్లో వేలు పెట్టి వెతికేవారు. పాసైతే "నంబరు పడింది" అనేవారు, లేకపోతే "నంబరు పడలేదు". పేరు లేదు, మార్కులు లేవు, ఊరందరి ముందు ఉండటమో ఉండకపోవడమో ఒక్కటే తేలేది. 2012 పరీక్షల నుంచి కొన్నేళ్లు గ్రేడ్ల పద్ధతి నడిచినా, ఫలితాలు ఇంటర్నెట్‌లోకి మారినా, ఆ కాలపు బడి కథకు ఇంతకంటే నాటకీయమైన దృశ్యం మరొకటి లేదు. పత్రిక బస్సులో వచ్చే దాకా స్టాండులో నిలబడిన పిల్లల ముఖాలు ఏ సంభాషణా లేకుండానే కథను మోయగలవు.

పరీక్ష నిర్మాణం కూడా పాత్రలను తీర్చింది. 600 మార్కులకు పరీక్ష, సబ్జెక్టుకు పాసు మార్కు 35, హిందీకి మాత్రం 20. లెక్కలూ ఇంగ్లిషూ రాని పిల్లవాడు చురుకైనవాడైనా ఆ రెండింటి దగ్గరే ఆగేవాడు. "మార్చి పోతే సెప్టెంబరు" అన్న మాటలో, తప్పినవారు సెప్టెంబరులో మళ్లీ పరీక్ష రాయొచ్చన్న ధైర్యం ఉంది గానీ, సెప్టెంబరు దాకా ఆగిన పిల్లవాడు ఈలోగా పొలానికో, చీమకుర్తి గ్రానైటు క్వారీకో, చెన్నైలో హోటలు పనికో వెళ్లిపోవడం మామూలే. కథ మాత్రం ముందు బెంచీలో కూర్చుని పాసైన వారి వెంట నెల్లూరు, ఒంగోలు, గుంటూరు వెళ్తుంది. వెనక్కి చూసే చట్రంలో కూడా కథ చెప్పే హక్కు పాసైన వారికే దక్కుతోంది. ఈ తరహా చిత్రాల్లో ఇంకా పూడని పెద్ద లోటు ఇదే.

బాలికల విషయంలో ఆ రోజు మరింత కఠినమైనది. అబ్బాయికి ఫలితం తర్వాతి కాలేజీ ఏదో చెబుతుంది. అమ్మాయికి అసలు తర్వాత అనేది ఉందా లేదా చెబుతుంది. జూనియర్ కాలేజీ పట్టణంలో ఉంటే, బస్సులో రోజూ పంపడానికి ఇంట్లో ఒప్పుకుంటారా అన్నది మార్కులతో సంబంధం లేని ప్రశ్న. సెప్టెంబరు 5న జరిగే స్వపరిపాలన దినోత్సవం నాడు ఓణీ బదులు చీర కట్టుకుని, చేత సుద్దముక్క పట్టుకుని, అబ్బాయిల చేత టీచరమ్మా అనిపించుకున్న అమ్మాయి మరుసటి మేలో పెళ్లికూతురు కావడం ఆ కాలపు తరగతి గదుల్లో అరుదైన సంగతి కాదు. ఈ దినోత్సవాన్ని సినిమాలు సరదా సన్నివేశంగా వాడుకుంటాయి. దాన్ని చివరి సంవత్సరపు ఒకే ఒక్క స్వేచ్ఛా దినంగా చూపితే బరువు పెరుగుతుంది.

అందరూ కూర్చున్న గది

జిల్లా పరిషత్ హైస్కూలు జ్ఞాపకానికి ఇంత విస్తృతమైన ఆదరణ ఎందుకు వస్తోందన్నదానికి మరో వివరణ ఉంది. పల్లెల్లో రైతు కొడుకు, మాస్టారి కూతురు, కూలీ పిల్లలు ఒకే గదిలో చదివిన కాలం చాలావరకు 1990లతో ముగిసింది. తర్వాత ఫీజు కట్టగల కుటుంబాలు పిల్లలను ఇంగ్లిషు మీడియానికి, రెసిడెన్షియల్ బడులకు తరలించాయి. నెల్లూరు పట్టణమే కార్పొరేట్ చదువుల పుట్టిళ్లలో ఒకటి, నారాయణ విద్యాసంస్థలు మొదలైంది ఇక్కడే. పదేళ్లకే ఇల్లు వదిలి హాస్టల్లో చదివిన తరానికి ఊరి బడి అనే ఉమ్మడి జ్ఞాపకం లేదు. అందరికీ చెందిన చివరి గది కాబట్టే 1990ల తరగతి గది అందరూ చూడదగిన కథాస్థలమైంది.

కానీ ఒకే గదిలో కూర్చోవడం వేరు, ఒకేలా కూర్చోవడం వేరు. 1985 జులై 17న, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో మంచినీటి చెరువు దగ్గర మొదలైన గొడవ దళితుల మీద దాడిగా మారి ఆరుగురిని బలితీసుకుంది. బాధితులు చీరాలకు చేరారు, అక్కడి శిబిరం నుంచి దళిత ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. ఆ ఏడాది ఆ ప్రాంతంలో తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లలు ఒకే బడికి వెళ్లి, ఒకే కుండ నీళ్లు తాగారా అన్నది ఏ బడి కథయినా అడగవలసిన ప్రశ్న. ఉమ్మడి రాష్ట్రంలో మధ్యాహ్న భోజన పథకం 2003లో మొదలైంది, హైస్కూలు తరగతులకు ఆ తర్వాతే చేరింది. అంతకు ముందు మధ్యాహ్నం గంట కొట్టాక ఎవరి క్యారేజీ ఎవరి పక్కన విప్పారు, ఎవరు ఇంటికి పరిగెత్తారు, సాంఘిక సంక్షేమ హాస్టలు పిల్లలు ఎటు వెళ్లారు అన్నదానిలోనే ఊరి పటం మొత్తం కనిపిస్తుంది. సైకిలు, రేడియో, ఆటోగ్రాఫు పుస్తకం అద్దె సామానుల షాపులో దొరుకుతాయి. ఈ మధ్యాహ్నం మాత్రం రాసుకుంటేనే దొరుకుతుంది. జ్ఞాపకం తీపిగా ఉండాలన్న నియమం పెట్టుకున్న కథలు ఈ గంటను దాటవేస్తాయి.

అమ్మలు కూడా చదువుకున్న రోజులు

బడి కథల్లో తరచూ నవ్వు పుట్టించే దృశ్యం ఒకటుంది: ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం దొంగగా పెట్టడం. అది చదువుకున్న ఇంటి దృశ్యం. 1991 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 44 శాతం, స్త్రీలలో 33 శాతం లోపే. అనేక ఇళ్ల నుంచి ఆ కార్డు వేలిముద్రతో తిరిగొచ్చేది, మార్కులు ఏమిటో పిల్లవాడు చదివి వినిపిస్తేనే తల్లిదండ్రులకు తెలిసేది. అబద్ధం చెప్పే అవకాశం అక్కడ ఇంకా ఎక్కువ, చెప్పలేని భారం కూడా ఎక్కువే.

సరిగ్గా ఈ చోటే నెల్లూరు జిల్లా మరెక్కడా లేని కథావస్తువును ఇస్తుంది. 1990 దశకం తొలి ఏళ్లలో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలు కూలికి వెళ్లిన స్త్రీలు రాత్రి లాంతరు వెలుగులో వాచకాలు చదివారు. ఆ వాచకాల్లో తాగుడు వల్ల కుటుంబం చితికిపోయిన ఒక ఇల్లాలి కథ పాఠంగా ఉంది. ఆ పాఠం మీద సాగిన చర్చ నుంచి దూబగుంట స్త్రీలు 1992లో ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ కదలిక జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలింది.

ఆ స్త్రీల ఇళ్లలో హైస్కూలు పిల్లలు ఉన్నారు. పగలు కొడుకు, రాత్రి తల్లి ఒకే పలక పట్టుకున్న ఇళ్లు అవి. యౌవనంలోకి అడుగుపెట్టే కథ అంటే పిల్లవాడు తల్లిదండ్రులను మొదటిసారి మనుషులుగా చూసే కథ. తల్లి అక్షరం నేర్చుకుని, అదే అక్షరంతో సారా అంగడి ముందు నిలబడటం చూసిన పదిహేనేళ్ల పిల్లకు ఆ చూపు ఒక్క ఏడాదిలోనే వచ్చి ఉంటుంది. ప్రభుత్వ విధానాన్నే మార్చిన ఒక పాఠం చుట్టూ బడి కథ ఇంకా రావలసే ఉంది.

వాన, పలక, యాస

స్థలం విషయంలో చిన్న పొరపాట్లు పెద్దగా కనిపిస్తాయి. బడి తెరిచే జూన్‌లో జోరు వాన కురిసినట్టు చూపడం గోదావరి జిల్లాలకు సరిపోవచ్చు, నెల్లూరుకు సరిపోదు. ఈ తీరంలో వర్షం ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తుంది. జూన్‌లో బడి తెరిచేసరికి వడగాలి తగ్గదు. దీపావళి నాళ్లలో, కార్తీకమాసంలో తుపాను సెలవులు వస్తాయి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటినలాంటి తుపానుల్లో ఊరి బడి భవనమే జనానికి ఆశ్రయం. పిల్లలకు సెలవు, పెద్దలకు ఇల్లు పోయిన రోజు, రెండూ ఒకే గదిలో కలిసే సందర్భం అది.

అలాగే మార్కాపురం. రాష్ట్రంలో ఎన్నో బడుల్లో పిల్లలు అక్షరం దిద్దిన రాతి పలకలు అక్కడి గనుల నుంచి వచ్చాయి. దక్షిణాన సూళ్లూరుపేట వైపు పిల్లలకు 1994 అక్టోబరు 15న శ్రీహరికోట నుంచి ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ మొదటిసారి విజయవంతంగా ఎగిరిన దృశ్యం బడి జ్ఞాపకాల్లో భాగం. యాస కూడా ఒకటి కాదు. నెల్లూరు పలుకుబడిలోని "ఎట్టుండావు", "యాడికి పోతుండావు" వేరు. 1970లో కర్నూలు జిల్లా నుంచి వచ్చి ప్రకాశంలో కలిసిన గిద్దలూరు, మార్కాపురం మాట వేరు. నెల్లూరు యాసను హాస్య పాత్రలకే కేటాయించే పాత అలవాటు వల్ల గంభీరమైన పాత్ర ఆ యాసలో మాట్లాడితే ప్రేక్షకులు నవ్వుతారేమోనన్న భయం రచయితలకు ఉంటుంది. తెలంగాణ మాట విషయంలో ఆ భయం గత దశాబ్దంలో పోయింది, ఇక్కడ ఇంకా పోలేదు.

చిత్రీకరణకు ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు కార్యక్రమం 2019 నవంబరు 14న ఒంగోలులోనే ప్రారంభమైంది. తొలి విడతలోనే 15 వేలకు పైగా బడులకు ప్రహరీలు, టైల్సు, రంగులు, కొత్త బల్లలు వచ్చాయి. పిల్లలకు ఎంతో మేలు చేసిన ఈ మార్పు వల్ల సున్నం గోడలు, సిమెంటు నల్లబల్ల, పెంకుల వరండా ఉన్న బడి దొరకడం కష్టమైంది. ఇకపై ఆ బడిని సెట్టుగా కట్టాలి, దానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు భరించలేని చిన్న చిత్రాలు బడిని వదిలి ఇంటి నాలుగు గోడల మధ్యకు కథను మార్చుకునే అవకాశం ఉంది.

నంబరు లేని బ్యాచ్

ఇరవై, పాతికేళ్ల ఎడం ఇలాగే కొనసాగితే 2020 నాటి పదో తరగతి కథ 2040 దశకంలో తెర మీదికి వస్తుంది. కోవిడ్ వల్ల ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనూ 2021లోనూ పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి, విద్యార్థులందరూ పాసైనట్టు ప్రకటించారు. 2020 మార్చిలో సెలవు అని ఇంటికి వెళ్లిన పిల్లలు ఆ తరగతి గదికి మళ్లీ రాలేదు. ఆటోగ్రాఫులు లేవు, గ్రూప్ ఫొటో లేదు, సెప్టెంబరు కూడా అక్కర్లేకపోయింది. వెనక బెంచీవారు, ముందు బెంచీవారు కలిసి గట్టెక్కిన బ్యాచ్ అది. ఆ కథ రాసేవారికి ఫలితాల నాటి దృశ్యం ఉండదు. బెంచీల మీద మార్చి నెలలో వదిలేసిన కంపాస్ పెట్టెలు, చెక్కుకున్న పేర్లు, నల్లబల్ల మూలన చెరపకుండా మిగిలిపోయిన తేదీ, హాజరు సంఖ్య మాత్రం ఉంటాయి.